కొలిమి ఆరిన ఊరు

చిత్రము మొదలగునప్పటికే ఆమె పరుగెత్తుచుండును. ఒంటిపై కర్మాగారమువారి తెల్లని కోటు. వెనుకనుండి ఆమె మెడను వెంబడించు కెమెరా. ఒకదాని వెంట నొకటిగా దబాలున మూయబడు తలుపులు. పరీక్షాకాలము ముగిసినది గనుక ఇక పనికి రానక్కరలేదని పై యధికారి చెప్పిన మాటను ఆమె అంగీకరింపదు. కలియబడి, పెనుగులాడి, బలవంతముగా ఈడ్చినగాని ఆ ప్రాంగణమును విడువదు. ఆమె పేరు రోజెట్టా. బెల్జియము దేశమునకు చెందిన సోదరులు జాన్ పియేర్ దార్దెన్, లూక్ దార్దెన్‌లు తీసిన ఈ ఫ్రెంచి భాషాచిత్రము 1999వ సంవత్సరమున కాన్ చలనచిత్రోత్సవమున అత్యున్నత పురస్కారమైన పామ్ దోర్‌ను, అనగా స్వర్ణ తాళపత్రమును, పొందెను; అంతకుముందెన్నడును తెరపై కనబడని ఎమిలీ దుకెన్ అను యువతి, ఆ పాత్రను ధరించినందులకు ఉత్తమనటి బహుమానమును మరియొక నటితో పంచుకొనెను.

పనిజీవితమును గూర్చిన చిత్రమని లోకము దీనిని మెచ్చినది. కాని కొంచెము నిదానించి చూచినచో ఇందు పని కనబడు ఘడియలు మిక్కిలి స్వల్పము. పనికై పరుగులే హెచ్చు. ఒక ఊకదంపుడు విమర్శకుడు దీనిని నిరుద్యోగ సమస్యా చిత్రమని ఒక్క మాటలో తేల్చివేయవచ్చును. నాకు మాత్రము ఆ పరుగునకు మూలము చిత్రములో గాక, చిత్రము తీయబడిన ఊరి చరిత్రలో నున్నదని తోచుచున్నది. పని యన్నది గాలివలె, నీరువలె పుట్టుకతోడనే లభించుచుండిన ఊరిలో, దానిని దొంగిలించియైనను సంపాదింపవలసిన స్థితి యెట్లు వచ్చెనో తెలిసినగాని ఆ బాలిక మొండితనము మనకు అర్థము కాదు.

ఆ ఊరు సెరేన్. లియేజ్ నగరమునకు కొన్ని కిలోమీటర్ల ఎగువన, మ్యూజ్ నది కుడిగట్టున నున్నది. ఆ లోయలో నేల క్రింద నల్లని బంగారము గలదని మధ్యయుగముననే యెరుగుదురు. ఉళ్లోస్ అను నొక పేద కమ్మరికి తెల్లని గడ్డముగల వృద్ధు డొకడు కనబడి, కట్టెబొగ్గు కొనలేక బాధపడుచున్న యాతనికి కొండలో మండెడి మట్టిని చూపెనని యక్కడివారు చెప్పుకొను కథ. రాతిబొగ్గునకు ఫ్రెంచి భాషలోగల పేరును ఆ కమ్మరి పేరుతో ముడిపెట్టుట వారికి పరిపాటి. కథ మాట యెట్లున్నను, ఆ ప్రాంతమును శతాబ్దములకొలది పాలించిన వారు రాజులు కారు, మతాచార్యులు. లియేజ్ బిషప్పులే అచట ప్రభువులు. వారు వేసవి విడిదికై సెరేన్‌లో నది యొడ్డున నొక మహాభవనము కట్టించుకొనిరి. ఫ్రెంచి విప్లవము బిషప్పుల పాలనను తుడిచిపెట్టెను, భవనము ప్రభుత్వపరమయ్యెను. 1815 తరువాత ఆ దేశము నెదర్లాండ్స్ రాజగు మొదటి విలియము వశమున నుండగా, 1817లో ఆ భవనమును కొన్నవాడు జాన్ కాకరిల్.

ఈ కాకరిల్‌లు ఆంగ్లేయులు. తండ్రి విలియమ్ లాంకషైరులోని హాస్లింగ్డెన్‌కు చెందిన యంత్రకారుడు. ఆ దినములలో ఇంగ్లండు తన యంత్రములు గాని, వాటిని చేయనేర్చిన పనివారు గాని దేశము దాటిపోరాదని శాసనములు చేసి కట్టుదిట్టముగా కాపాడుకొనుచుండెను. విలియమ్ రష్యాకు, స్వీడనుకు పోయి, అచట నిలదొక్కుకొనలేక, 1799లో వెర్వియే అను ఉన్నిపట్టణము చేరి నూలువడకు యంత్రములు చేసి యిచ్చెను. శాసనము గోడవంటిది కాదు, జల్లెడవంటిదని దీనివలన తెలియును. కుమారుడైన జాన్‌కు తండ్రి వృత్తి చాలలేదు. బిషప్పు విడిది గదులను కచేరీలుగా మార్చి, ఉద్యానవనమున శాలలు వేయించి, ఆవిరియంత్రములు చేయుటతో మొదలిడి, ఇనుమును తానే కరగింపవలెనని, అందులకు బొగ్గును తానే త్రవ్వింపవలెనని, ఆ రెంటిని చేర్చుటకు నదిని వాడుకొనవలెనని సంకల్పించెను. గనినుండి యంత్రము వరకు సమస్తము ఒకే ప్రాకారములోపల జరుగునట్టి కర్మాగారము ఐరోపా ఖండమున అంతకుముందు అరుదు. విలియము రాజు ఆ సంస్థలో స్వయముగా వాటాదారయ్యెను. 1835లో బ్రసెల్స్ నుండి మెఖెలెన్ వరకు రైలు నడచిన తొలిదినమున ఇంజనులు ఇంగ్లండునుండి వచ్చినవే గాని, అదే సంవత్సరాంతమునకు ‘బెల్జియన్’ అని పేరుపెట్టిన ఇంజను సెరేన్ శాలలనుండి వెలువడెను. 1838 తరువాత వచ్చిన ఆర్థికసంక్షోభము కాకరిల్‌ను క్రుంగదీసెను. రష్యా చక్రవర్తిని ఆశ్రయింప బోయి, తిరుగుప్రయాణమున 1840లో వార్సాలో మరణించెను. ఇరువదియేడు సంవత్సరముల తరువాత ఆయన అస్థికలను తెచ్చి ఊరివారు సెరేన్‌లో నుంచుకొనిరి. యజమాని యెముకలను కార్మికుల ఊరు ఇంత గౌరవముగా తెచ్చుకొనుట ఆలోచింపదగిన విషయము.

1826లో ఊరి చెంతనే, ఒకప్పుడు సన్న్యాసుల మఠమై యుండిన వాల్ సేన్ లాంబేర్‌లో గాజు కర్మాగారము వెలసెను. స్ఫటికపు పాత్రలకు అది జగత్ప్రసిద్ధి గాంచెను. విడిదియు మఠమును రెండును శాలలుగా మారెను. ప్రార్థనాఘంట స్థానమున కర్మాగారపు ఈల కూయసాగెను.

ఇక్కడ కొలిమిని గూర్చి ఒక మాట చెప్పవలెను. ఇనుపరాతిని కరగించు ఆ మహాకొలిమిని ఫ్రెంచివారు ‘ఎత్తుకొలిమి’ యను అర్థము వచ్చు మాటతో పిలుతురు. మన ఊరి కమ్మరికొలిమి సాయంకాలమున ఆరును, మరునాడు తిత్తి యూదగనే రాజును. ఎత్తుకొలిమి అట్టిది కాదు. పైనుండి రాతిని, కాల్చిన బొగ్గును, సున్నపురాతిని పొరలుపొరలుగా పోయుచు, క్రిందినుండి వేడిగాలి నూదుచు, కొన్ని గంటల కొకసారి అడుగున రంధ్రము తెరచి ద్రవలోహమును కాలువలోనికి వదలుచు, రేయింబవళ్లు, పండుగలనక పబ్బములనక, సంవత్సరముల తరబడి దానిని మండించుచునే యుండవలెను. మంట ఆగెనా, లోపలి లోహము గడ్డకట్టి కొలిమియడుగున పెద్ద ముద్దయై నిలిచిపోవును. ఆ ముద్దను కొలిమివారు తోడేలని పిలుచుటలో ఎంత భయము దాగియున్నదో ఊహింపవచ్చును. తోడేలు లోపల చేరినచో కొలిమిని పగులగొట్టుకొనుట తప్ప గత్యంతరము లేదు. కావున ఎవరో యొకరు సదా మేలుకొని యుండవలెను. మూడు వంతులుగా పనివారు మారుచుండగా, ఊరి నిద్ర, ఊరి భోజనము, ఊరి పెండ్లి సైతము ఆ వంతులననుసరించియే సాగెను. తండ్రి దాటిన ద్వారమునే కుమారుడు దాటెను. చదువురాని బాలునికి ‘కాకరిల్‌లో పడవేయుదము’ అనుట తల్లిదండ్రులకు చింత కాదు, నిశ్చింత.

రాత్రివేళ ఆ లోయ యెట్లుండునో విక్టర్ హ్యూగో తన రైను నదీ యాత్రాగ్రంథమున వర్ణించియున్నాడు. చిత్రకారుడు, శిల్పియైన కాన్‌స్తాన్తాఁ మ్యూనియే సెరేన్ కొలుములను, వాల్ సేన్ లాంబేర్ గాజుశాలలను చూచిన మీదట మతవిషయక చిత్రములనుండి మరలి, శ్రామికుల శరీరములను మలచసాగెను. అతడు పోతపోసిన ఇనుపపనివాడు తోలు ముందుతొడుగుతో, వంగిన వీపుతో, నోరు కొంచెము తెరచి, పీఠముపై కూలబడి యుండును. అలసిపోయినవాడే గాని అనాథ కాడు. వానికి తావు గలదు. మ్యూనియే శిల్పమునకును రోజెట్టాకును నడుమ గల దూరమును నేను ఈ తావుతోనే కొలుచుచున్నాను.

పురుషుల మాట యింతసేపు జరిగినది. స్త్రీలను మరచుట చరిత్రకారుల కలవాటు. లియేజ్ ప్రాంతమున బొతరెస్ అను స్త్రీలుండెడివారు. వీపున తట్టబుట్ట తగిలించుకొని బొగ్గును, కూరగాయలను, రాళ్లను, ఏది దొరికిన దానిని ఊరూర మోయుట వారి జీవనము. బొగ్గుపొడిని బంకమట్టితో కలిపి, పావడాలు పైకి చెక్కి, పాదములతో త్రొక్కి, చలికాలపు పొయ్యిలకు ముద్దలు చేయువారును వారే. గనులలోను బాలికలు బండ్లు త్రోయుచుండిరి. 1886 మార్చి 18వ తేదీన, పారిస్ కమ్యూన్ స్మారకదినమున, లియేజ్‌లో మొదలైన ఊరేగింపు కలహముగా మారి, మరునాటినుండి సెరేన్ చుట్టుపట్ల గనులన్నిటికిని సమ్మె ప్రాకి, అచటినుండి హైనో ప్రాంతమునకు దావానలమువలె పోయెను. సైన్యము వచ్చెను, తుపాకులు ప్రేలెను, మనుష్యులు చచ్చిరి. తరువాత ప్రభుత్వము విచారణసంఘము నియమించెను. 1889 చట్టము పండ్రెండేండ్ల లోపు పిల్లలను కర్మాగారములలో చేర్చుకొనరాదనియు, ఇరువదియొక్క యేండ్ల లోపు స్త్రీలను క్రొత్తగా గనులలోనికి దింపరాదనియు శాసించెను. ఇంత స్వల్పమైన దయకు ఎన్ని ప్రాణములు వెలయో!

రెండవ ప్రపంచయుద్ధానంతరము గనులలో దిగుటకు బెల్జియన్లు విముఖులైరి. 1946 జూన్‌లో బెల్జియము, ఇటలీలు ఒక యొడంబడిక చేసికొనెను: ఇటలీ ఏబదివేల మంది పనివారిని పంపవలెను, బదులుగా బెల్జియము బొగ్గును అమ్మవలెను. మనిషికి మారుగా బొగ్గు! పత్రముపై అది వాణిజ్యమే. వచ్చినవారిలో చాలమందికి వసతిగా చూపినవి యుద్ధఖైదీలకై వేసిన రేకుల పాకలు. 1956 ఆగస్టు 8న షార్లెరోయ్ చెంతగల మార్సినెల్ గనిలో 262 మంది మరణించిరి; అందు 136 మంది ఇటలీవారు. ఆ తరము కష్టపడి నిలిచెను. వారి పిల్లలు ఫ్రెంచి మాటలాడి, కొలుములలో చేరి, సంఘములలో నాయకులైరి. రోజెట్టా యన్న పేరు ఇటలీ భాషాసంప్రదాయమునకు చెందినదే. ఆమె తల్లి యెవరు, తాత యేగనిలో దిగెనని చిత్రము చెప్పదు. ఆ పేరొక్కటే సగము చెప్పుచున్నది.

సెరేన్ వారికి తమ బలము పూర్తిగా తెలిసిన సంవత్సరము 1960. కాంగో చేజారిన పిమ్మట గాస్తోన్ ఐస్కెన్స్ ప్రభుత్వము పన్నులు పెంచి, సాంఘిక వ్యయమును కోయు చట్టమును తలపెట్టగా, డిసెంబరు 20 నాటినుండి వలోనియా ప్రాంతమంతయు అయిదువారముల పాటు స్తంభించెను. ఉద్యమమునకు ముందు నిలిచినవాడు లియేజ్ కార్మికనాయకుడు ఆన్ద్రే రెనార్. సమ్మె యెంత తీవ్రమైనను అంతవరకు ఒక నియమముండెను: కొలిమిని మాత్రము ఆరనీయరాదు. కొందరు లోపలికి పోయి మంటను కాచుచుండిరి. యజమాని కొరకు కాదు, రేపు తిరిగి వచ్చుటకు తమకొక చోటుండవలె గనుక. జనవరిలో రెనార్ ‘పనిముట్టును విడిచిపెట్టుదుము’ అని బెదరించెను, అనగా మంట కాచువారినిగూడ వెలుపలికి పిలుతుము, తోడేలును లోపల చేరనిత్తుమని భావము. ఆ బెదరింపు అమలు కాలేదు. కాని దానిని పలుకగలిగిన స్థితిలో కార్మికుడుండెను. విడిచిపెట్టెదనని బెదరింపవలె నన్నను ముందు చేతిలో నేదైన నుండవలెను గదా.

ఆ వెనుక కథ త్వరగా చెప్పవచ్చును. అది విలీనముల కథ. కాకరిల్ సంస్థ పొరుగు సంస్థలను కలుపుకొనుచు, పేరు సాగదీసికొనుచు, 1981 నాటికి కాకరిల్-సాంబ్ర్ అయ్యెను. నష్టములు ప్రభుత్వము మోసెను. 1980లో లియేజ్ ప్రాంతపు కడపటి బొగ్గుగని మూతపడెను. శతాబ్దాంతమున ఉక్కు ఫ్రెంచివారి యూజినోర్ చేతికి పోయెను; 2002లో అది అర్సెలార్‌లో, 2006లో అర్సెలార్ మిత్తల్‌లో కలిసెను. తెలుగు పాఠకునికి ఆ చివరి పేరు దూరపు పేరు కాదు. మన అనకాపల్లి జిల్లా నక్కపల్లి వద్ద ఉక్కు కర్మాగారము నెలకొల్ప దలచిన సంస్థలో అది భాగస్వామియే. సెరేన్ ఆరవ ఎత్తుకొలిమిని 2005లో ఆర్పిరి, 2008లో మరల రాజబెట్టిరి, ఆ యేడాదియే మరల ఆర్పిరి. 2011 అక్టోబరులో ఇక ఎన్నటికిని లేదనిరి. అర్ధశతాబ్దము క్రిందట కార్మికనాయకుడు పలికి చేయని పనిని యజమాని పలికి చేసెను. పనిముట్టును విడిచిపెట్టినది అతడే.

దార్దెన్ సోదరులు ఈ లోయ బిడ్డలు. పెద్దవాడు 1951లో, చిన్నవాడు 1954లో ఎగువ గ్రామములలో జన్మించిరి. అర్మాన్ గాతి అను నాటకకర్తవద్ద శిష్యరికము చేసి, విడియో కెమెరా సంపాదించి, కార్మికవాడలలో తిరిగి ఎవని గోడు వానిచేత చెప్పించి చిత్రీకరించుట వారి తొలి విద్య. 1960 సమ్మెలో పాల్గొన్న యొక పనివాడు తాను స్వయముగా కట్టుకొన్న పడవపై మ్యూజ్ నదిపై తొలిసారి పోవుచుండగా ఆనాటి జ్ఞాపకములను త్రవ్వుచు వారు 1979లో నొక డాక్యుమెంటరీ చిత్రమును తీసిరి. ఆ పడవ తేలిన నదీలోయలోనే ఇరువది యేండ్లకు రోజెట్టా చేపలు పట్టుచున్నది. గాజుసీసాను ఉచ్చుగా చేసి, తీగ కట్టి, చెరువులోనికి జారవిడిచి.

ఆమె తల్లితో కూడ బండ్లను నిలుపు శిబిరమున నొక చక్రాల గదిలో నివసించును. తల్లి త్రాగుబోతు. ప్రతిదినము సాయంకాలము రహదారి దాటి, పొదలలో దూరి, సిమెంటు గొట్టములో దాచిన రబ్బరు బూట్లను తీసి, కాలి బూట్లను అందు పెట్టి, బురదలో నడచి శిబిరమునకు పోవును. ఉదయమున మరల అదే చోట బూట్లు మార్చును. దర్శకు లిద్దరును దీనిని వివరింపరు, మరల మరల చూపుదురు. తాను బురదలో బ్రదుకుచున్నను, పనికి పోవు బూట్లకు బురద యంటరాదు. ఊరికే ఇచ్చిన దానిని ఆమె స్వీకరింపదు. తల్లి బిచ్చము తెచ్చిన సహింపదు. వాఫిల్లు అను తీపివంటకమునకు పిండి సిద్ధపరచు శాలలో కొద్దిదినములు పని దొరకగా, యజమాని తన కుమారునికై ఆమెను తొలగించును. అప్పుడు ఆమె పిండిమూటను కౌగిలించుకొని వదలదు. ఒక మనిషిని అదిమిపట్టినట్లు ఆ మూటను పట్టుకొనును. మంటను కాచిన ముత్తాతలు పనిముట్టును విడువనట్లు ఆమెయు విడువదు. వారికి కొలిమి, ఈమెకు పిండిమూట. తనకు స్నేహహస్తమిచ్చిన, అదే యజమాని దుకాణమున అమ్ముచుండిన రికే అను యువకుడు అతనికి తెలియకుండ సొంత వాఫిల్లు కూడ అమ్ముచున్నాడని చెప్పివైచి, వాని దుకాణమును తాను గైకొనును. ఇట్టి నాయికను తీర్చుటకు ధైర్యము కావలెను. సంఘము కూలిన ఊరిలో పని యొక్కటే, పోటీదారు లిద్దరు. ఒకడు మునిగిన గాని ఒకరు తేలరు. ఆ యువకుడు చెరువులో నిజముగనే మునుగుచున్న క్షణమున ఆమె చేయి చాపుటకు తటపటాయించుటను నేను తొలిసారి చూచినప్పుడు కన్నులు మూసికొంటిని.

పురస్కారము వచ్చిన సంవత్సరమే డిసెంబరులో బెల్జియము పార్లమెంటు యువజనులకు తొలి ఉద్యోగము కల్పించు చట్టమును చేసెను: ఏబదిమంది గాని అంతకు మించి గాని పనివారు గల సంస్థలు తమ సంఖ్యలో నూటికి మూడు వంతున యువకులను చేర్చుకొనవలెనని. దానికి ‘రోజెట్టా పథకము’ అని పేరు వచ్చెను. సినిమాయే చట్టము చేయించినదని లోకమంతట వ్రాసిరి. ఆ చట్టమునకు ముసాయిదా ముందే సిద్ధమై యుండెనని దర్శకులే చెప్పిరి. చట్టమును తెచ్చిన మంత్రి లోరెత్ ఓంకెలింక్స్ జన్మస్థలము ఊగ్రే. 1977 నుండి అది సెరేన్‌లో భాగము.

అదే ఊరి వీథులలో 2014లో సోదరులు ‘రెండు పగళ్లు, ఒక రాత్రి’ తీసిరి. అందు సాండ్రా అను స్త్రీ సౌరఫలకములు చేయు చిన్న సంస్థలో పనిచేయును. ఆమెను తొలగించినచో మిగిలిన పదునారుగురికి తలకు వేయి యూరోల బహుమతి వచ్చును. కావలసినది మీరే నిర్ణయించుకొనుడని యజమాని వోటు పెట్టించును. శని, ఆదివారములలో ఆమె ఇంటింటికి పోయి తలుపుగంట నొక్కి, నా వైపు వోటు వేయుమని అడుగుకొనవలెను. 1960లో వేలమంది ఒక మైదానమున చేతులెత్తి తీర్మానించిన ఊరు. ఇప్పుడు పదునారు గడపలు, ఒక్కొక్క గడపకడ ఒక్కొక్క జవాబు. వోట్లు ఎనిమిది, ఎనిమిదిగా తేలును. ఆమె పని పోవును. మరియొక తాత్కాలిక పనివాని గడువును పొడిగింపక అతని తావున నిన్ను తీసికొందునని యజమాని చెప్పగా ఆమె వలదనును. రోజెట్టా చేయజాలని పని అది. పదునైదేండ్లు పట్టినది.

2016 డిసెంబరు 16న ఆరవ కొలిమిని ప్రేలుడు పదార్థములు పెట్టి కూల్చిరి. బిషప్పుల వేసవి విడిది మాత్రము నిలిచియున్నది; కాకరిల్ పేరు ధరించిన యంత్రసంస్థ నేటికిని అందే కచేరి నడుపుచున్నది.

రోజెట్టా చిత్రము చివర ఆమె గ్యాసు సిలిండరును మోయును. గదిలోని గ్యాసు అయిపోయినది. క్రొత్తది కొని, రెండు చేతులతో కౌగిలించి, రెండడుగులు నడచి దింపుచు, మరల ఎత్తుచు శిబిరపు బురదలో పోవుచుండును. తట్టబుట్ట వీపున నున్న బొతరెస్ స్త్రీ ఈ లోయలో ఇట్లే నడిచియుండును. ఆ బొతరెస్ మోతకు కూలియైన నుండెను. రికే తన మోపెడుపై రోజెట్టా చుట్టు తిరుగుచుండును, ఆ యంత్రపు రొద తప్ప వేరు శబ్దము లేదు. ఆమె పడిపోవును, ఏడ్చును. అతడు దిగి, చేయి పట్టి లేపును. ఆమె తలయెత్తి అతనివైపు చూచును. సంగీతమేమియు లేక, చిత్రము అక్కడనే ఆగిపోవును.